ఎడమ పక్క నీది

పుత్తూరు,
11 ఫిబ్రవరి 2025

ఇమ్మానుయేల్‌కు మీ బావ ఏబెల్ రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అక్కను పెళ్ళి చేసుకున్న ఇన్నేళ్ళలో నీకు ఉత్తరం రాసింది లేదు. ఇప్పుడు రాయడానికి కారణం కూడా ఆమే. నా తలలో గడ్డ ఫోను వల్లే వచ్చిందని చర్చిలో ఎవరో చెప్పారట. డాక్టరు కాదన్నాడు, ఆమె వినలేదు. ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టింది. "మాట్లాడాల్సింది ఉంటే కాగితం మింద రాసుకో, సేతికీ పని ఉంటాది" అంటోంది. బతిమాలి నీకు ఫోను చేసినా స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటుంది. నేను నీతో చెప్పాల్సినవి ఆమె వినేవి కావు. పోస్టాఫీసు దాకా నడిస్తే కాళ్ళకు మంచిదని చెప్పి ఇది వేయడానికి పోతాను.

ఆపరేషన్ అయ్యాక ముప్పై రోజులు తలకు కరెంటు పెట్టారు. అది డిసెంబరులో అయిపోయింది. కుడి పక్క వెంట్రుకలు ఇంకా రాలేదు. తువ్వాలు చుట్టుకొని తిరుగుతున్నాను. తిండికి, నిద్రకు లోటు లేదు.

అసలు సంగతి. నా హెవీ లైసెన్సు మే ఇరవైకి అయిపోతుంది. రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి. గౌస్ మొహిద్దీన్ సాయిబు చిత్తూరు నుంచి వచ్చి పది నిమిషాలు కూర్చొని పోయాడు. పండ్లు తెచ్చాడు. "తోతాపురి మామిడి కాయ మొదలయ్యే లోపల కాగితం చేతిలో పెట్టుకొని రా ఏబెల్, బండి నీదే. రాకుంటే నేనేం చేసేది, నువ్వే చెప్పు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. లారీని ఊరికే నిలబెట్టుకోలేడు.

సాయిబుకు గడ్డ సంగతి తెలుసు. మూర్ఛ సంగతి తెలియదు. ఆ రోజు శ్రీకాళహస్తి టీ కొట్టు ముందు నేను పడి కొట్టుకున్నది చూసినవాడివి నువ్వొక్కడివే. మీ అక్కకు ఆసుపత్రిలో చెప్పారు, ఆమె ఎక్కడా నోరు విప్పదు. నువ్వు కూడా విప్పొద్దు. ఆ రోజు ఎండకు కళ్ళు తిరిగాయి, అంతే. ఎవరు అడిగినా అదే చెప్పు.

మీ బావ,
ఏబెల్


చిత్తూరు,
20 ఫిబ్రవరి

బావకు ఇమ్మానుయేల్ వందనాలు.

పోస్టుమ్యాన్ మన ఇంటి ముందు ఆగితే కోమలి భయపడింది. పెళ్ళానికి తెలియకుండా అప్పు చేసి కోర్టు నోటీసు తెచ్చుకున్నాననుకుంది. విప్పి నీ రాత చూపించాక నమ్మింది.

బండి బాగుంది. నీ బదులు ఎక్కిన లోకేష్ బాగానే నడుపుతాడు, కాకపోతే కిలీనర్‌ను నేను పక్కన ఉన్నట్టే లెక్క చేయడు. తలుపు మీద ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి, ఇది మనకు తెలిసిన పద్ధతి. అతనేమో "ఊరికే ఎందుకబ్బా డప్పు కొడతావు, నాకు అద్దం ఉండాది" అంటాడు. చెయ్యి ఊరుకోక కొడుతూనే ఉంటాను. నీతో పదకొండేళ్ళు కొట్టిన చెయ్యి.

శ్రీకాళహస్తి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కోమలికి కూడా చెప్పలేదు. కానీ నువ్వు ఒకటి రాయలేదు. బండి నడపడం గురించి డాక్టరు ఏమన్నాడు? అడిగావా, అడగలేదా?

ఇమ్మానుయేల్


పుత్తూరు,
3 మార్చి

ఇమ్మానుయేల్‌కు,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఫిట్స్ రాకుండా ఏడాది గడవనీ, తర్వాత చూద్దాం అన్నాడు. సెప్టెంబరు నుంచి ఏడాది అంటే మామిడి కాలం మొత్తం పోతుంది. ఆయనకు మామిడితో పనేముంది. ఇంకొక పరీక్ష ఉందట, గిన్నెలాంటి మిషనులో తల పెట్టాలట, దానికి రమ్మని చీటీ రాసిచ్చాడు. నేను పోలేదు. గోడ మీది అక్షరాలు కింది వరస దాకా అద్దాలు లేకుండా చదివాను. ఇంక ఏం చూడాలి వాళ్ళకు?

ఇంట్లోనే నాకు పడటం లేదు. మీ అక్క వస్తువులు పెట్టే చోట పెట్టదు. నీళ్ళ చెంబు ఎడమ పక్క పెట్టి, నేను తన్నుకుంటే నన్ను అంటుంది. వాకిలి దగ్గర భుజం రెండుసార్లు కొట్టుకుంది. ఎదురింటి చంద్రకాంతమ్మ "పుత్తూర్లో ఉండి ఎముకల కట్టు లేకుండా తిరిగితే ఊరికే పరువు తక్కువని కొట్టుకుంటా ఉండావా అన్నా" అని నవ్వింది. నేనూ నవ్వాను. నిన్న అన్నం తిని లేస్తుంటే మీ అక్క రూతు పళ్ళెం తిప్పి మళ్ళీ నా ముందు పెట్టింది. సగం అన్నం అట్లే ఉంది. నాకు ఆకలి తగ్గింది, అంతే.

కాగితాలు కూడా ఇప్పుడు సన్నగా చేస్తున్నారు. నాలుగు మాటలు రాసేసరికి అంచు వస్తుంది. నీ రాత కూడా కుదురుగా లేదు. వరసలు మధ్యలో మొదలవుతున్నాయి, వెతుక్కొని చదవాల్సి వచ్చింది.

నాకు ఒక సాయం చెయ్యి. లోకేష్ ఆదివారం ఇంటికి పోతాడు కదా. బండి తీసుకొని రా. నారాయణవనం దాకా పోయి వద్దాం. ఆరు నెలలయింది స్టీరింగు పట్టుకొని. నువ్వు పక్కన ఉంటే నాకు బెదురు లేదు. బండెక్కిన మొదటి రోజే పంచుకున్నాం, కుడి పక్క నాది, ఎడమ పక్క నీది అని. పదకొండేళ్ళలో ఎడమ అద్దం నేను ఎన్నిసార్లు చూసుంటాను? చూడాల్సిన పని నువ్వు పెట్టలేదు.

మీ అక్కకు బండి కడగడానికి వచ్చానని చెప్పు.

ఏబెల్


చిత్తూరు,
19 మార్చి

బావకు,

ఆదివారం ఇంటికి చేరేసరికి పొద్దుపోయింది. బండి సాయిబు షెడ్డులో పెట్టాను.

నువ్వు బాగానే నడిపావు. గేరు మార్చడం మరిచిపోలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు లోకేష్ బండిని ఏడిపిస్తాడు, నీ కాలి కింద అది గమ్మున పోయింది. బంపరు కింద చిన్న సొట్ట పడింది, సాయిబుకు నేను చెప్పుకుంటాను. నా అరచెయ్యి వాచింది. అన్నిసార్లు కొట్టి చాలా రోజులైంది కదా.

ఆ గిన్నె పరీక్షకు పోయి రా బావా. కళ్ళు బాగున్నాయంటున్నావు కాబట్టి అందులోనూ బాగానే వస్తుంది. అక్కను వెంటబెట్టుకొని పో. ఆ కాగితం కూడా జతచేస్తే ఆఫీసులో ఎవరూ అడ్డం మాట్లాడరు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఇమ్మానుయేల్


పుత్తూరు,
6 ఏప్రిల్

ఇమ్మానుయేల్‌కు,

సర్టిఫికెట్ వచ్చింది. ఎవరి దగ్గర అనేది నీకెందుకు. ఆయన తల ఎత్తలేదు, కూర్చోమని అనలేదు. అంతకు ముందు వాడికి జ్వరం మాత్రలు రాస్తున్న పెన్నుతోనే నాకూ సంతకం పెట్టాడు. నా తలమీది తువ్వాలు తీయమని కూడా అనలేదు. మూర్ఛ ఉందా అని అడిగేచోట లేదు అని నేనే టిక్కు పెట్టాను. నెట్ సెంటరు వాడు అన్నీ ఎక్కించి రసీదు ఇచ్చాడు.

రూతుకు చెప్పక తప్పలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి నాకు వ్యతిరేకంగా ప్రార్థన మొదలుపెట్టింది. వంటింట్లో మోకాళ్ళేసుకొని, నాకు వినపడేలా, "దేవా, ఈ మనిసికి ఆ కాయితం రానీవద్దు" అని. నేను ఇవతల మంచం మీద కూర్చొని ఆమెన్ అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

గిన్నె పరీక్ష, గిన్నె పరీక్ష అని నువ్వు కూడా మొదలుపెట్టావు. ఆదివారం నువ్వే చూశావు కదా. నువ్వే బాగా నడిపావని రాశావు. ఒక్క ఆవుకు గానీ, ఒక్క సైకిలుకు గానీ తగిలించానా? భయం నీ ఒంట్లో ఉంది. మొదటిసారి కుప్పం ఘాటులో తలుపు పట్టుకొని ఏడ్చినవాడివి నువ్వు.

జూన్ మొదటి లోడుకు తయారుగా ఉండు. లోడు మీద కప్పే పట్టాలు చిరిగిపోయి ఉంటే ఇప్పుడే కుట్టించు.

ఏబెల్


చిత్తూరు,
16 ఏప్రిల్

బావకు,

కోపం చేసుకోవద్దు. ఈ ఒక్క సీజను ఆగు. డాక్టరు చెప్పిన ఏడాది గడవనీ. అంతవరకు సాయిబు మండీలో కాటా దగ్గర కూర్చో, నేను అడుగుతాను, కాదనడు. లైసెన్సు ఎక్కడికీ పోదు.

నారాయణవనం రోడ్డులో బడి ఉంది. బడి విడిచాక పిల్లలు ఎడమ పక్కనే నడుస్తారు. ఆ రోజు ఆదివారం కాబట్టి లేరు.

నేను రోజూ నీ పక్కన ఉంటానని ఏముంది? నాకు జ్వరం వస్తుంది, కోమలి వాళ్ళ ఊరికి పోవాల్సి వస్తుంది. ఆ రోజు ఇంకొకడు ఎక్కుతాడు. వాడు ఫోను చూసుకుంటూ కూర్చుంటే?

ఆలోచించు బావా.

ఇమ్మానుయేల్


పుత్తూరు,
10 మే

ఇమ్మానుయేల్‌కు,

నీకు జ్వరం వచ్చిన రోజు బండి ఆపుకుంటాం. ఇది ఒక పెద్ద సంగతా?

ఇప్పుడు సంగతి వేరే. ఆర్టీవో ఆఫీసు నుంచి రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది. నా ఆరోగ్యం గురించి ఎవరో అర్జీ పెట్టారట. తేల్చేదాకా రెన్యువల్ ఆపేశారు. ఈ నెలాఖరులో తిరుపతి ఆసుపత్రిలో మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. రాకుంటే లైసెన్సు లేనట్టే అని రాశారు.

ఇది లోకేష్ పని. నేను పోతే సీటు తనదవుతుందని చేశాడు. వాడికి నా ఆపరేషన్ సంగతి తెలుసు, మూర్ఛ సంగతి ఎవరు చెప్పారు? నోటీసులో ఆ మాట కూడా ఉంది. నువ్వు ఎప్పుడైనా మాటల్లో జారావా? జారి ఉంటే చెప్పు, ఏమీ అనను. వాడిని షెడ్డులో నలుగురి ముందు నిలబెట్టి అడుగు. "అన్నం పెట్టిన సీటు మింద ఉమ్మేసినావే" అని నేనన్నట్టు అడుగు.

ఇరవై రెండేళ్ళ లైసెన్సు. ఒక్క కేసు లేదు. ఒక్క మనిషి గోరు కూడా నా చక్రం కింద పోలేదు. ఇప్పుడు నన్ను దొంగను పిలిచినట్టు పిలుస్తారు.

రూతు నోటీసు చదివి మడిచి బైబిల్లో పెట్టింది. ఆమె మొహం చూస్తే తన ప్రార్థన ఫలించిందనుకుంటోందో, భయపడుతోందో తెలియలేదు.

ఏబెల్


చిత్తూరు,
18 మే

బావకు,

లోకేష్‌ను అడగలేదు. అతను అటువంటివాడు కాదు. అతన్ని ఏమీ అనొద్దు, సాయిబుతో కూడా అనొద్దు.

బోర్డు ముందుకు పో. డాక్టర్లు అడిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పు. అక్కను తీసుకుపో.

ఇమ్మానుయేల్


పుత్తూరు,
2 జూన్

ఇమ్మానుయేల్‌కు,

పోయి వచ్చాం. ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. మర్యాదగానే మాట్లాడారు. ముందు గోడమీది అక్షరాలు చదివించారు, అన్నీ చదివాను. తర్వాత ఆ గిన్నె దగ్గరకు పంపారు. తెల్లటి గిన్నె, అందులో తల పెట్టి మధ్యలో చుక్కను చూస్తూ ఉండాలి. ఎక్కడైనా దీపం వెలిగితే బటను నొక్కాలి. మధ్య మధ్యలో చాలాసేపు ఏమీ వెలగలేదు. మిషను దగ్గరున్న పిల్లతో "ఒగ పక్క సెడిపోయినట్టుండాది సూడమ్మా" అన్నాను. ఆమె "చుక్కనే చూడండి" అంది.

అయిపోయాక కాగితం తీసి నా ముందు పెట్టింది. తెల్లగా ఉంది, బాగుందనుకున్నాను. ఆమె కాగితాన్ని మెల్లగా నా కుడి పక్కకు జరిపింది. అప్పుడు కనిపించింది. గుండ్రటి బొమ్మలో ఎడమ సగం మొత్తం నలుపు. "మీకు ఇటు పక్క లేదండి" అంది. కన్ను బాగానే ఉందట. గడ్డ ఉన్నచోట మెదడుకు ఆ పక్క చూపు అందడం లేదట. పోయినవాడికి పోయిందని తెలియదు, తెలియకపోవడం కూడా ఆ జబ్బులో భాగమే అని పెద్ద డాక్టరు చెప్పాడు. ఇది తిరిగి వచ్చే అవకాశం తక్కువ అన్నాడు. హెవీ లైసెన్సు ఇంక ఇవ్వరు. మోటారు సైకిలు కూడా వద్దన్నారు.

రూతు గోడకు ఆనుకొని నిలబడింది. పళ్ళెం తిప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమెకు తెలుసట. "నువ్వు ఒప్పుకునే మనిసివా" అంది.

అక్కడితో అయిపోయి ఉంటే నీకు ఇంకోలా రాసేవాడిని. పెద్ద డాక్టరు ఫైలులోంచి రెండు జిరాక్సులు తీసి "ఇది నీ రాతేనా" అని అడిగాడు. ఒకటి నేను ఫిబ్రవరిలో నీకు రాసింది. రెండోది మార్చిలో రాసింది. ఎవరికీ చెప్పొద్దని నేను రాసిన మాట కింద ఎవరో పెన్నుతో గీత గీశారు. మార్చి కాగితాన్ని కూడా జరిపి చూపించాడు. వరసలన్నీ కుడి అంచుకు పోయి ఇరుక్కున్నాయి. ఎడమ పక్క చెయ్యి పరిచేంత ఖాళీ. తాగినవాడి రాతలా ఉంది. నా రాతే అని ఒప్పుకున్నాను.

ఆ ఉత్తరాలు ఉన్నది నీ ఇంట్లో.

నేను ఏమీ అడగడం లేదు.

ఏబెల్


చిత్తూరు,
9 జూన్

బావకు,

నేనే పంపాను. గీత గీసింది కూడా నేనే.

నీ ఫిబ్రవరి ఉత్తరం చూసినప్పుడు కాగితం అట్లా ఎందుకు వదిలావో అర్థం కాలేదు. మార్చిది చూశాక కోమలి "మీ బావ ఒగ పక్కే రాస్తాడేమి" అంది. అందుకే ఆదివారం వచ్చాను. బండి కోసం కాదు, చూడటానికి వచ్చాను. పుత్తూరు దాటేవరకు కొట్టాను, నారాయణవనం చేరేవరకు కొట్టాను. నేను కొట్టిన ప్రతిసారీ నువ్వు ఆగావు. ఒక్కసారి కూడా నాకంటే ముందు ఆగలేదు. ఇదివరకు చాలాసార్లు నా దెబ్బ పడేలోపే నీ కాలు బ్రేకు మీద ఉండేది. ఎడమ అద్దం చూసే పని లేదని నువ్వు రాశావు కానీ, నువ్వు చూసేవాడివి బావా.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పని దగ్గర ఎడమ పక్క ఎర్ర ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. మనుషులు లేరు. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. మొదటి డ్రమ్ము మీదుగా పోయావు. అది బంపరు కింద పడితే బండి కొంత దూరం ఈడ్చుకొచ్చింది. "ఏమబ్బీ సప్పుడు" అని అడిగావు. "రాయి బావా" అన్నాను. నీ మొహంలోకి చూశాను. నువ్వు నవ్వుతూ ఉన్నావు, చాలా రోజుల తర్వాత బండి ఎక్కినందుకు.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పినవాడివి నువ్వు. నీకు కనిపించడం లేదని నేను చెబితే నువ్వు వినేవాడివా? అక్కకు చెప్పి ఉండొచ్చు. సాయిబుకు చెప్పి ఉండొచ్చు. ఆఫీసుకు రాశాను. సర్టిఫికెట్ వచ్చిందని నువ్వు రాశాక ఆగమని ఒకసారి అడిగాను. నువ్వు జవాబే రాయలేదు. పది రోజులు చూసి పోస్టు చేశాను.

ఇంకొకటి ఉంది. వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే రాయాలి. లోకేష్ టిప్పరుకు పోయాడు. ఒకటో తేదీ నుంచి సాయిబు బండి నాకిచ్చాడు. నాకు హెవీ లైసెన్సు వచ్చి ఆరేళ్ళయిందని నీకు తెలుసు. ఈ ఆరేళ్ళలో నాకు సీటు ఇస్తానని ఎవరూ అనలేదు. ఇప్పుడు అడగకుండానే తాళాలు చేతిలో పెట్టాడు. రెండు లోడ్లు వేశాను. సీటు కోసం ఆ అర్జీ రాయలేదని ఇక్కడ రాద్దామని కూర్చున్నాను. రాసి చించేశాను. కవరు పోస్టు డబ్బాలో వేసేటప్పుడు ఆ సీటు గుర్తు రాలేదంటే అబద్ధం అవుతుంది. బడిపిల్లలు కూడా గుర్తొచ్చారు. ఏది ముందు గుర్తొచ్చిందో నాకే తెలియడం లేదు.

సాయిబు నిన్ను ఒక మాట అడగమన్నాడు. "ఏబెల్‌ను ఇంట్లో కూర్చోబెట్టొద్దు. నీ పక్కన కిలీనర్‌గా ఎక్కించుకో. అలవాటైన బండి" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. ఆయన అడగమన్నాడు కాబట్టి రాశాను.

ఇమ్మానుయేల్


పుత్తూరు,
20 జూన్

ఇమ్మానుయేల్‌కు,

సాయిబుకు నా సలాం చెప్పు. కిలీనర్ చూడాల్సిన పక్కే నాకు లేదని చెప్పు. ఆయనకు అది తట్టి ఉండదు.

నీకు సీటు ఇస్తానని ఎవరూ అనలేదని రాశావు. అన్నారు. నీకు లైసెన్సు వచ్చిన ఏడాది సాయిబు రెండో బండి కొందామనుకున్నాడు. "ఇమ్మానుయేల్‌కు ఇస్తే నడుపుతాడా" అని నన్నే అడిగాడు. "ఇంకా సెయ్యి కుదరలా సాయిబూ, ఇంగో ఏడు పోనీ" అన్నాను. తర్వాత ఏడూ అడిగాడు. అప్పుడూ అదే అన్నాను. మూడో ఏడు నువ్వు తాగుతావని చెప్పాను. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు, రెండో బండి కొనడమూ మానేశాడు. నువ్వు తాగవు. నీ చెయ్యి నా చేతికంటే నిదానం. నువ్వు ఇంకో బండికి పోతే నా పక్కన కొత్తవాడు ఎక్కుతాడు, వాడిని నేను నమ్మలేను. నేను ఆలోచించింది అంతే. నీకు పిల్లలున్నారని, కిలీనర్ కూలితో ఇల్లు గడవదని నాకు తెలుసు. ఇది మీ అక్కకు తెలియదు. నువ్వు చెప్పుకుంటే చెప్పుకో.

ఇది రాసి నీకు ఊరట ఇద్దామని కాదు. నువ్వు నీ లోపలిది దాచకుండా రాశావు కాబట్టి నేనూ రాశాను.

నువ్వు చేసింది తప్పు కాదు. ఆ నలుపు నేను కళ్ళారా చూశాను. జూన్‌లో బడులు తెరుస్తారు, నేను ఆ రోడ్డు మీద పదిటన్నుల కాయతో పోయేవాడిని. అన్నీ తెలుసు. పొద్దున లేచి ఇవన్నీ నాకు నేనే చెప్పుకుంటాను. చెప్పుకున్నాక కూడా, నా రాతను ముగ్గురు పరాయివాళ్ళు బల్లమీద పరుచుకొని చూసింది మాత్రం పోవడం లేదు. నీకు రాస్తున్నాననుకొని రాసిన కాగితం అది. నువ్వు వచ్చి వాకిట్లో నిలబడి "నీకు కనిపించడం లేదు బావా" అని ఉంటే నిన్ను కొట్టేవాడిని. కొట్టి, రెండు రోజులకు వినేవాడిని. నువ్వు నాకు ఆ రెండు రోజులు ఇవ్వలేదు.

మామిడి కాలం అయ్యాక మీ అక్కను చూడాలనుంటే ఆదివారం చర్చి విడిచే వేళకు వచ్చి చూసి పో. ఆమె నీకోసం ఎదురు చూస్తుంది.

ఇంటికి రావద్దు.

ఏబెల్